పని మీద కవిత రాయాలంటే: ఒక పాత కంపోజిటర్ జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేస్తున్నారు. రెండేళ్ళుగా కవితలు రాస్తున్నారు. పని మీద రాసినవి చూపిస్తే మీ స్నేహితుడు "ఇది కవిత్వం కాదు, ఫిర్యాదు" అన్నాడు. పెట్టెలు దించడం, స్కాన్ చేయడం, మళ్ళీ ఎక్కించడం లాంటి పనిలో కవిత్వానికి చోటుందా, ఇంగ్లీషు మాటలు వాడొచ్చా, ఛందస్సు నేర్చుకోవాలా, ముందు ఏం చదవాలి అని అడిగారు. రాసిన కవిత ఒకటి కూడా జత చేశారు.

నేను ఇరవై రెండేళ్ళు ప్రెస్సుల్లో కంపోజిటర్‌గా పనిచేశాను. సీసం అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చే పని. ఆ తర్వాత కంప్యూటర్ వచ్చాక డీటీపీ నేర్చుకున్నాను. చాలాకాలంగా ఒక చిన్న పత్రికకు వచ్చే కవితలు చదివి ఎంపిక చేసి పెడుతున్నాను. వాటిలో పని మీద వచ్చే కవితలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఎక్కువగా బాధపెట్టేవి కూడా అవే. రాసినవాళ్ళు ఆ పని చేస్తున్నవాళ్ళే అయినా, కవితలో ఆ పని కనబడదు.

ముందు ఫిర్యాదు సంగతి. మీ స్నేహితుడి మాట పట్టించుకోకండి. ఫిర్యాదు మన కవిత్వంలో చాలా పాతది. శ్రీనాథుడి పేరు మీద ఒక చాటువు, అంటే జనం నోట తిరిగే విడి పద్యం ఉంది, మీరు వినే ఉంటారు. కవిసార్వభౌముడు అనిపించుకున్న మనిషి చివరి రోజుల్లో బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకుని సేద్యం చేశాడు. పంట పోయింది. శిస్తు కట్టలేకపోయాడు. చేతికి వెదురు గొడియ (సంకెల లాంటిది) తగిలించి, భుజం మీద నల్లగుండు (బరువైన బండరాయి) పెట్టి నిలబెట్టారు. సీస పద్యంలో ఆ అవమానమంతా చెప్పి, దాని కింద వచ్చే తేటగీతి పద్యంలో లెక్క చెప్తాడు. కృష్ణమ్మ పంటను కొట్టుకుపోయింది, "బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు" (పిట్టలు నువ్వులూ పెసలూ తినిపోయాయి), ఇక ఏడు నూర్ల టంకాలు (నాణేలు) ఎట్లా చెల్లించను అంటాడు. మొత్తం ఫిర్యాదే. అయినా ఇన్ని వందల ఏళ్ళు జనం నోట నిలిచింది. ఎందుకు నిలిచిందో నిదానంగా చూడండి. ఊరి పేరు ఉంది. ఏం వేశాడో ఉంది, నువ్వులూ పెసలూ. ఎవరు తిన్నారో ఉంది. ఎంత బాకీనో ఉంది. "రైతు బతుకు దుర్భరం" అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఆ మాట మనం అనుకుంటాం, చదివాక.

ఇప్పుడు మీ కవిత. మొదటి నాలుగు పంక్తులు ఇవి:

నా చెమట చుక్కలతో
ఈ నగరం దాహం తీర్చుకుంటోంది
నేను కార్మికుణ్ణి
నేను అస్తమించని సూర్యుణ్ణి

దీంట్లో అబద్ధం ఏమీ లేదు. మీ కోపం నిజం, అలసట నిజం. కానీ ఈ నాలుగు పంక్తులు సిమెంటు పని చేసే మనిషీ రాయగలడు, బస్సు నడిపే మనిషీ రాయగలడు, జీవితంలో ఒక్క పెట్టె కూడా ఎత్తని మనిషి కూడా రాయగలడు. గోడౌన్ ఎక్కడుంది? రాత్రి ఎక్కడుంది? మీ చేతులు ఎక్కడున్నాయి? "చెమట", "సూర్యుడు", "నెత్తురు", "పిడికిలి" అనే మాటలు ఎంతోమంది చేతుల మీదుగా వచ్చి అరిగిపోయాయి. అరిగిన టైపుతో అచ్చువేస్తే అక్షరం ఉన్నట్టే ఉంటుంది, కాగితం మీద మాత్రం సరిగా పడదు. ఈ మాటలూ అంతే.

ఇది మీ ఒక్కరి తప్పు కాదు. నా మొదటి కవితలు ఇంతకంటే అన్యాయంగా ఉండేవి. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. పొద్దంతా ఎడమ చేతిలో స్టిక్కు (అక్షరాలు పేర్చే చిన్న చట్రం) పట్టుకుని, కుడి చేత్తో కేసులో, అంటే అక్షరాలుండే గళ్ళ పెట్టెలో, అక్షరాలు ఏరి పేర్చేవాణ్ణి. రాత్రి ఇంటికెళ్ళి "ఓ శ్రామికుడా, లేచి రా" అని రాసేవాణ్ణి. మా ప్రెస్సులో పెద్దాయన ఒకాయన ఉండేవారు, నాకు పని నేర్పింది ఆయనే. ఒకరోజు కాగితం ఇచ్చి చదవమన్నాను. అంతా చదివి, "బానే ఉందిరా. ఇందులో మన కేసు ఏది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పది గంటలు నిలబడే చోటు, కాళ్ళు వాచే చోటు, అదే నా కవితలో లేదు.

తర్వాత చాలా నెలలకు ఒక సంగతి జరిగింది. పెద్దకర్మ కార్డు ఒకటి కంపోజింగ్‌కు వచ్చింది. చనిపోయినాయన పేరులో ఒక ఠ ఉంది. కార్డు వేయించే కొడుకు పేరులోనూ ఒక ఠ ఉంది. ఆ సైజులో మా కేసులో ఉన్నవే రెండు ఠలు, అందులో ఒకదాని అంచు విరిగింది. ఎవరికి ఏది పెట్టాలి? కాసేపు ఆలోచించి మంచి ఠ చనిపోయినాయనకు పెట్టాను, విరిగింది కొడుకుకు. సాయంత్రం అతను ప్రూఫు చూసుకోవడానికి వచ్చాడు. తన పేరు మీద వేలు ఆగింది. నేను సంగతి చెప్పాను. "నాన్నది బాగుందిగా, చాలు" అని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి రాసిన పదకొండు పంక్తులు నా మొదటి కవిత అనుకుంటాను. అందులో శ్రమ అన్న మాట లేదు, దుఃఖం అన్న మాట లేదు. రెండు ఠలు ఉన్నాయి. పెద్దాయనకు చూపిస్తే ఏమీ అనలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు.

మీకు చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. ఏ పనైనా సరే, చేసేవాడికి తప్ప బయటివాళ్ళకు తెలియనివి కొన్ని ఉంటాయి. ఏ పెట్టె చూడ్డానికి తేలికగా ఉండి ఎత్తితే నడుం పట్టేస్తుంది, ఏ ట్రాలీ చక్రం ఒకపక్కకే లాగుతుంది, రాత్రి ఎన్నింటికి ఒంట్లో శక్తి ఒక్కసారిగా జారిపోతుంది, ఏ సూపర్‌వైజర్ అడుగుల చప్పుడు ఎలా ఉంటుంది. ఇవి మీకు తెలుసు, నాకు తెలియవు. ఎంత పెద్ద కవికైనా తెలియవు. మీ దగ్గర ఉన్న సరుకు ఇది. కార్మికుడు గొప్పవాడు అన్న సంగతి మాకు ముందే తెలుసు కదా.

మీ కవిత కంటే మీ ప్రశ్నలో ఒక వాక్యం నన్ను ఆపేసింది. మాటల మధ్యలో "ఒకసారి పెట్టె మీద మా అమ్మ పేరే ఉంది, వేరే ఎవరిదో" అని రాసి, మళ్ళీ ఛందస్సు గురించి అడగడంలోకి వెళ్ళిపోయారు. అక్కడ ఆగాల్సింది. మీ అనుమతి లేకుండానే ఆ ముక్కను పంక్తులుగా పెట్టి చూశాను, ఎలా ఉంటుందో మీకు చూపించడానికి మాత్రమే:

రాత్రి రెండుంపావు.
స్కానర్ మూడు పెట్టెలకు కూసింది
నాలుగో దానికి కూయలేదు.
లేబుల్ తుడిచి చూశాను
మా అమ్మ పేరు.
ఇంటిపేరు వేరు, ఊరు వేరు.
మిగతావాటికంటే
కాస్త మెల్లగా దించాను.

దీన్ని మీరు ఇంతకంటే బాగా రాస్తారు. అప్పుడు ఆ పెట్టె ఎంత బరువుందో మీకు తెలుసు, నాకు తెలియదు. నేను లేబుల్ తుడిచినట్టు రాశాను, నిజంగా తుడుస్తారో లేదో కూడా నాకు తెలియదు. ఆ "మెల్లగా దించాను" దగ్గర ఆగిపోవాలని మాత్రం గట్టిగా చెప్తాను. ఆ తర్వాత "అమ్మా, నీ కష్టం" అని ఇంకో నాలుగు పంక్తులు రాయాలనిపిస్తుంది. రాయకండి. చదివేవాళ్ళు ఆ పెట్టె పట్టుకునే ఉంటారు, వాళ్ళ చేతుల్లోంచి లాక్కోకండి.

ఇక ఇంగ్లీషు మాటలు. స్కానర్‌ను స్కానర్ అనండి. షిఫ్టు, టార్గెట్, లోడింగ్, ఓవర్‌టైమ్, మీరు పనిలో ఎలా అంటారో అలాగే. ఎవరూ అనని అనువాదాలు కవితలో పెడితే ఆ వస్తువే కనబడకుండా పోతుంది. మా ప్రెస్సు తెలుగులో కేసు, స్టిక్కు, గ్యాలీ, ప్రూఫు, ట్రెడిల్ అన్నీ బయటి మాటలే. మాకు అవి అమ్మా నాన్నా అన్నంత సొంతం. అయితే ఒక జాగ్రత్త ఉంది. నామవాచకాలు ఇంగ్లీషువైనా, క్రియలు మాత్రం తెలుగువి వెతకండి. మన భాషలో పనికి ఉన్న క్రియలు చూస్తే కళ్ళు చెదురుతాయి. ధాన్యం ఒక్కదానికే ఎన్ని: కోయడం, కట్టలు కట్టడం, కుప్ప వేయడం, నూర్చడం, తూర్పారబట్టడం, కొలవడం, దంచడం, చెరగడం. మగ్గం దగ్గరకు వెళ్తే ఆసు పోయడం, కండెలు చుట్టడం, అచ్చు అతకడం. ఒక్కో మాటలో చెయ్యి ఎటు కదులుతుందో ఉంది. చెరగడం, జల్లించడం రెండూ శుభ్రం చేయడమే, కానీ చేట కదలిక వేరు, జల్లెడ కదలిక వేరు. మీ గోడౌన్‌లో కూడా పెట్టెను ఎత్తడం, దించడం, జరపడం, దొర్లించడం, పేర్చడం, నెట్టడం ఒకటి కాదు. "పెట్టెలను హ్యాండిల్ చేశాను" అని రాస్తే ఇవన్నీ పోతాయి. మీరు పంపిన కవితలో పదహారు పంక్తులుంటే చేతులు చేసే క్రియ ఒక్కటీ లేదు. అన్నీ "ఉన్నాను", "అయ్యాను", "తీరుతుంది". ఒకసారి లెక్కపెట్టి చూసుకోండి.

ఛందస్సు నేర్చుకుంటే మంచిదే, చెవి బాగుపడుతుంది. లేకపోయినా కవిత ఆగదు. దానికంటే మీకు దగ్గరి లయ ఒకటుంది, దాని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు.

తెలుగులో పని పాట పుట్టిందే పని ఊపులోంచి. రోకటి పాటల ప్రస్తావన పాతకాలపు కవి నన్నెచోడుడి కుమారసంభవం కావ్యంలోనే ఉంది. అంటే అప్పటికే జనంలో పాతుకుపోయి ఉన్నాయన్నమాట. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో మార్చి మార్చి దంచుతుంటే, రోకలి పడే చోట "సువ్వి" పడుతుంది. ఊపిరి వదిలే చోట పల్లవి వస్తుంది. పాట తప్పితే రోకలి తప్పుతుంది, ఒక రోకలి ఇంకో రోకలికి తగులుతుంది. పడవ లాగేవాళ్ళ "హైలెస్సా" కూడా అంతే, అందరి బలం ఒకే క్షణంలో పడాలి కాబట్టి ఆ కేక. నాట్లు వేసేటప్పుడు ఒకరు పాడితే మిగతావాళ్ళు అందుకోవడం, నడుం వంచిన మనుషుల్ని ఒకే వరుసలో నడిపించడానికి. వాళ్ళకు ఆ పాటే పనిముట్టు. బిరుదురాజు రామరాజు గారి లాంటివాళ్ళు ఊళ్ళు తిరిగి జానపద గేయాలు సేకరించి, వాటి మీద పెద్ద పరిశోధన చేశారు కాబట్టి ఇవాళ మనం వాటిని పుస్తకాల్లోనైనా చదవగలుగుతున్నాం.

మీ పనికి అలాంటి పాట లేదు. నా పనికీ లేదు. ట్రెడిల్ అనే అచ్చు మిషన్ దానిపాటికది తిరుగుతుంది, కాగితం పెట్టే చెయ్యి దాని వేగానికి లొంగాలి, లేకపోతే వేళ్ళు పోతాయి. అక్కడ లయ మిషన్‌ది. మీ దగ్గర స్కానర్ కూత. మధ్యలో ఎవరో పిలుస్తారు, బెల్టు ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. అయితే ఆ తెగిపోయే లయనే కవితలోకి తీసుకోండి. బెల్టు ఆగిన చోట పంక్తి ఆగాలి. వరసగా యాభై పెట్టెలు వచ్చే చోట ఊపిరి తీసుకోనివ్వని పొడవాటి వాక్యం రావచ్చు. కవిత బయటికి చదువుతూ చేతుల్ని పని చేస్తున్నట్టు కదిలించి చూడండి. చేతులకూ పంక్తులకూ పొంతన కుదరని చోటు మీకే తెలిసిపోతుంది. నేను ఇప్పటికీ అలాగే చూసుకుంటాను, వేళ్ళు అక్షరాలు ఏరుతున్నట్టు.

చదవడం గురించి అడిగారు. పెద్ద జాబితా ఇవ్వను, మీకు ఉన్న టైమ్ తక్కువ. శ్రీశ్రీ మహాప్రస్థానం (1950) ఎలాగూ చదివే ఉంటారు. మళ్ళీ చదివేటప్పుడు "ప్రతిజ్ఞ"లో పనిముట్లు వచ్చే చోట ఆగండి. కమ్మరి కొలిమి, కుమ్మరి చక్రం, సాలెల మగ్గం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆ ఆవేశాన్ని చాలామంది అనుకరించారు, ఆ వస్తువుల వరసను మాత్రం వదిలేశారు. మీరు తీసుకోవాల్సింది ఆ వరస. జాషువా గబ్బిలం (1941)లో రెక్కల కష్టంతో పంట పండించి లోకానికి అన్నం పెట్టేవాడికే తిండి లేదన్న పద్యం ఉంది. దాన్ని కంఠస్థం చేయండి. నిండు కోపాన్ని పద్యం అదుపులో పెట్టి ఎలా నడిపించాడో ఒంటబడుతుంది.

సుద్దాల హనుమంతు రాసిన పశుల కాపరి పిల్లవాడి పాట మీకు చాలా దగ్గర అనిపిస్తుంది. కొలువు కుదిరి ఎన్నాళ్ళయిందని ఆ పిల్లవాణ్ణి అడుగుతూ పోతుంది పాట. ఉపన్యాసం చెప్పకుండా ప్రశ్నలు అడగడం ఎంత బలమైన పద్ధతో అందులో కనబడుతుంది. మీ పక్కన పనిచేసే కొత్త కుర్రాణ్ణి మీరు అడిగే ప్రశ్నలతోనే ఒక కవిత రాయొచ్చు.

కవయిత్రి విమల రాసిన "వంటిల్లు" కవిత తప్పకుండా చదవండి. జీతం లేని పని, షిఫ్టు ముగియని పని. అమ్మ వంటింటికి సామ్రాజ్ఞి అంటూనే, గిన్నెలన్నిటి మీదా నాన్న పేరే ఉందని చూపిస్తుంది. గిన్నె మీద చెక్కిన పేరు అందరి ఇళ్ళల్లో రోజూ కళ్ళ ముందు ఉండేదే. ఆమె దాన్ని కవితలో పెట్టేదాకా చాలామందికి అది కనబడలేదు. మీ పెట్టె మీద పేరు చూసినప్పుడు నాకు ఆ గిన్నె గుర్తొచ్చింది.

ఇంకో మాట. మీరు పంపిన కవితలో కష్టం తప్ప ఇంకేదీ లేదు. పనిలో సంతోషం కూడా ఉంటుంది, దాన్ని దాచుకోకండి. తలకిందులుగా, అద్దంలో లాగా ఉన్న అక్షరాలను నేను మామూలు పుస్తకం చదివినంత వేగంగా చదివేవాణ్ణి. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. జీతం తక్కువ, యజమాని తప్పుకో రూపాయి కోసేవాడు, అయినా పేజీ సరిగా కుదిరిన రోజు ఇంటికి నడిచే నడకే వేరు. మీరు కూడా పెట్టెలు పేర్చడంలో ఏదో ఒకటి మిగతావాళ్ళకంటే బాగా చేస్తారు. ఒరగకుండా పేర్చడమో, చూడగానే బరువు చెప్పడమో. అది రాయండి. పనిని ప్రేమిస్తే దోపిడీని ఒప్పుకున్నట్టు అవుతుందేమో అని కొందరు భయపడతారు. నాకు అలా అనిపించలేదు. చేతి నేర్పును చూపిస్తేనే ఆ నేర్పుకు ఎంత తక్కువ ఇస్తున్నారో తెలుస్తుంది.

ఎలా రాసుకోవాలి అంటే, షిఫ్టు అయ్యాక కూర్చుని కవిత రాయాలని చూడకండి, ఒళ్ళు సహకరించదు. టీ బ్రేక్‌లో మూడు ముక్కలు రాసుకోండి చాలు. ఇవాళ విన్న ఒక చప్పుడు, ఎవరో అన్న ఒక మాట, చేతులు చేసిన ఒక పని. సెలవు రోజు వాటిని ముందేసుకుని చూడండి. ఎక్కువ రోజులు ఏమీ రాదు. వచ్చే రోజు ఆ ముక్కలే ఆధారం.

జాగ్రత్త కూడా చెప్పాలి, ఉద్యోగం ముఖ్యం కాబట్టి. కంపెనీ పేరు, తోటివాళ్ళ అసలు పేర్లు, పెట్టెల మీది అడ్రసులు కవితలో పెట్టకండి. లోపల ఫోన్ ఫోటోలు తీసి కవితతో పాటు పెట్టకండి. తోటి మనిషి కష్టం రాస్తే ముందు ఆ మనిషికి చదివి వినిపించండి. వద్దంటే ఆపేయండి. నేను ఒకసారి అడక్కుండా ఒకరి ఇంటి సంగతి రాసి అచ్చువేశాను. ఆ తర్వాత ఆయన నాతో ముందులా మాట్లాడలేదు. కవిత బాగుందని అందరూ అన్నారు, నాకు దాన్ని మళ్ళీ చదవాలనిపించదు.

కవిత పూర్తయ్యాక ముందు కవులకు చూపించకండి, మీ షిఫ్టు వాళ్ళకు చదవండి. "స్కానర్ అలా కూయదు, రెండుసార్లు కూస్తుంది" అని ఎవరైనా దిద్దితే సంతోషించండి, వాళ్ళు మీ కవితలోకి వచ్చేశారన్నమాట.

అమ్మ పేరు కవిత రాసి పంపండి, చదువుతాను. పంపేటప్పుడు రెండు సంగతులు చెప్పండి. ఆ పెట్టె బరువెంత? లేబుల్ చూశాక దాన్ని బెల్టు మీద పెట్టారా, చేతుల మీదే ట్రాలీ దాకా తీసుకెళ్ళారా?